విమానములో ఇంటర్నెట్టునకు రుసుము

వేసవి సెలవులు ముగిసి బడి తెరచిన వారములో తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు మమ్ము ఒక ప్రశ్న యడిగెను. వాని చిన్నాన్న సింగపూరునుండి విశాఖపట్టణమునకు విమానమున వచ్చెనట. దారిలో ఫోను తెరచి ఇంటర్నెట్టు చూడబోగా, అందుకు వేరుగ సొమ్ము కట్టవలెనని తెరమీద కనబడెనట. "నెలనెల ఫోనుకు డబ్బు కట్టుచునే యున్నాము గదా మాస్టారూ, ఆకాశములో మరల నెందుకు కట్టవలెను?" అని వాని ప్రశ్న. తరగతిలో కొందరు నవ్విరి. మాకు నవ్వు రాలేదు. ఏలయనగా ఆ క్షణమున మాకును సరియైన సమాధానము తోచలేదు. ఈ వ్యాసము ఆ బాలునికి మేము బాకీపడిన సమాధానము.

ఇది మన జిల్లాకు సంబంధింపని దొరల వేడుక యని తల్లిదండ్రు లెవరైన తలంతురేమో. అట్లు తలంపరాదు. మన తాతల కాలమున కళింగపట్టణము, భీమునిపట్టణము వంటి రేవులలో పొగయోడ నెక్కి రంగూనునకు కూలికి పోయినవారు వేలకు వేలు. వారు క్షేమముగ చేరిరో లేదో తెలియుటకు ఇంటివారు వారములకొలది ఉత్తరమునకై కాచుకొని యుండిరి. నేడు ఉద్దానపు పల్లెలనుండియు, సముద్రపు టొడ్డునున్న ఊళ్లనుండియు గల్ఫు దేశములకును సింగపూరునకును పోవువారు విమానములలో పోవుచున్నారు. భోగాపురమున అల్లూరి సీతారామరాజు పేరిట తలపెట్టిన అంతర్జాతీయ విమానాశ్రయమునకు 2023 మే 3వ తేదీన శంకుస్థాపన జరిగెను. 2024 జూన్ నెలలో శ్రీకాకుళము పార్లమెంటు సభ్యులైన శ్రీ కింజరాపు రామమోహననాయుడుగారు పౌరవిమానయాన మంత్రిపదవి స్వీకరించిరి. ఇట్టి తరుణమున మన పిల్లలు విమానపు సంగతులు కొంత తెలిసికొనుట యుక్తము.

ముందుగ ఒక భ్రమను తొలగింపవలెను. మనము నేలమీద వాడు ఫోను ఊరిచివర నున్న టవరుతో మాటలాడును. ఆ టవరుల అంటెనాలు నేలవైపు వంచి యమర్పబడినవి. పైకెగయు విమానమునకై అమర్చినవి కావు. విమానము పది కిలోమీటర్ల యెత్తున, గంటకు సుమారు తొమ్మిదివందల కిలోమీటర్ల వేగమున, అనగా క్షణమునకు పావు కిలోమీటరు చొప్పున పోవుచుండును. కాబట్టి మనము నెలనెల కట్టు సొమ్ము ఆ టవరుల సేవకే గాని ఆకాశపు సేవకు కాదు. మన యూరి రేవులో పడవవానికి సంవత్సరమునకు సరిపడ ధాన్యము కొలిచినంత మాత్రమున, వేరొక యేటిమీద పడవవాడు ఊరక దాటించునా?

మరి విమానములో ఇంటర్నెట్టు ఎట్లు వచ్చును? రెండు దారులు కలవు. ఒకటి, పైకి చూచు ప్రత్యేకపు టవరులను నేలమీద నిలువబెట్టుట. అమెరికా దేశమున 2008లో ఈ పద్ధతిని ప్రయాణికులకు అమ్మకమునకు పెట్టిరి. దీని లోపము విద్యార్థులే చెప్పగలరు: సముద్రము మీద టవరును నాటుట యెట్లు? విశాఖనుండి సింగపూరునకు పోవు విమానము బంగాళాఖాతమును దాటవలెను గదా. రెండవ దారి ఉపగ్రహము. విమానపు వీపుమీద మూపురమువంటి యొక కప్పు కనబడును. దాని క్రింద అంటెనా యుండును. విమానము ఎటు తిరిగినను అది తన చూపును ఉపగ్రహమువైపే నిలుపుకొనును. ప్రయాణికుని ఫోను వైఫై ద్వారా విమానములోని పెట్టెతో మాటలాడును. ఆ పెట్టె అంటెనాకు, అంటెనా ఉపగ్రహమునకు, ఉపగ్రహము నేలమీది కేంద్రమునకు సందేశము నందించును. అక్కడినుండి అది లోకమంతట నున్న ఇంటర్నెట్టులో కలియును. ప్రత్యుత్తరము అదే దారిని తిరిగి వచ్చును.

ఇచ్చట ఒక చిన్న లెక్క వేయుదము. భూమితో సమముగ తిరుగుచు ఒక్కచోటనే నిలిచినట్లు కనబడు ఉపగ్రహము భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల యెత్తున నుండును. ప్రశ్న పైకి పోయి క్రిందికి రావలెను, జవాబును అట్లే. నాలుగు మారులు కలిపి సుమారు 1,43,000 కిలోమీటర్లు. కాంతి వేగము క్షణమునకు మూడులక్షల కిలోమీటర్లు గనుక, మార్గాయాసమే దాదాపు అరక్షణము. అందుచేత విమానములో ఇంటర్నెట్టు కొంచెము నత్తినత్తిగ మాటలాడును. ఈ మధ్యకాలమున సుమారు 550 కిలోమీటర్ల యెత్తుననే తిరుగు స్టార్‌లింక్ వంటి చిన్న ఉపగ్రహముల గుంపులు వచ్చినవి. వాటి విషయమున ఈ మార్గాయాసము లెక్కింపదగినది కాదు. కాని అవి ఒక్కచోట నిలువవు. ఒకటి పోవుచుండగ నింకొకటి రావలెను. కావున వేలకొలది కావలెను.

ఇక వెల సంగతి. వెల యెక్కువ యగుటకు ముఖ్యకారణము దూరము కాదు, పంపకము. వంశధార కాలువను చూచినవారికి ఇది సులభముగ బోధపడును. గొట్టా ఆనకట్టవద్ద నీరు నిండుగనే యుండును. శివారు పొలములకు వచ్చుసరికి కాలువ సన్నగిల్లును. ఉపగ్రహము భూమిమీద కొన్ని వలయములుగ వెలుగును ప్రసరించినట్లు తన శక్తిని పంచును. ఒక వలయములో నున్న విమానములన్నియు ఆ వలయపు వాటానే పంచుకొనవలెను. విమానములోని వారందరు మరల ఆ విమానపు వాటాను పంచుకొనవలెను. ఒక విమానమునకు క్షణమునకు 75 మెగాబిట్లు దొరకెననుకొందము. నూటయేబదిమంది ఒకేసారి వాడినచో తలకు అర మెగాబిట్టు. ఎనిమిది బిట్లు ఒక బైటు గనుక, అది క్షణమునకు 62.5 కిలోబైట్లు. మూడు మెగాబైట్ల ఫోటో యొకటి పంపుటకు 48 క్షణములు పట్టును. అందరు చలనచిత్రములు చూడ మొదలిడిరా, శివారు రైతు గతియే!

మన దేశము ఈ కొరతను తీర్చుటకు చేసిన యత్నమొకటి పేర్కొనవలెను. జీశాట్-ఎన్2 అను 4,700 కిలోల ఉపగ్రహమును 2024 నవంబరు 19వ తేదీన అమెరికాలోని ఫ్లోరిడానుండి పైకి పంపిరి. అది మన ఇస్రోవారు కట్టినదే. అంత బరువు మోయు రాకెట్టు మనకు లేనందున స్పేస్‌ఎక్స్ వారి రాకెట్టుమీద పంపిరి. దాని శక్తి క్షణమునకు 48 గిగాబిట్లు, వలయములు 32. అందు ఎనిమిది సన్ననివి, ఈశాన్య రాష్ట్రములకు; తక్కిన 24 వెడల్పైనవి, మిగిలిన దేశమునకు. విమానములలో ఇంటర్నెట్టు నందించుట దాని ఉద్దేశములలో నొకటి.

అంటెనా బరువు, గాలికి అది యొడ్డు అడ్డంకి, అందువలన ఖర్చగు ఇంధనము, దానిని బిగించుటకు విమానము కొన్నాళ్లు షెడ్డులో కూర్చుండుట, ఉపగ్రహపు అద్దె: ఇవన్నియు కొనువారు పదిమందియైనను నూరుమందియైనను తప్పని ఖర్చులు. కొనువారు తక్కువైనచో ఒక్కొక్కరిమీద భారము పెరుగును. భారము పెరిగినచో కొనువారు మరింత తగ్గుదురు. ఈ సుడిలో మునిగినది బోయింగు సంస్థ మొట్టమొదట పెట్టిన 'కనెక్షన్' అను సేవ. 2004 మే నెలలో జర్మనీదేశపు లుఫ్తాన్సా విమానమున మ్యూనిచ్‌నుండి లాస్ ఏంజిలిస్‌నకు పోవు దారిలో అది మొదలయ్యెను. దూరప్రయాణమునకు వెల ముప్పది డాలర్లకు అయిదు సెంట్లు తక్కువ. కొనువారు చాలినంతమంది లేక 2006 సంవత్సరాంతమున అది మూతపడెను.

దారిలో నున్నవాని వద్ద మాటకు సొమ్ము తీసికొనుట క్రొత్త పద్ధతి కాదు. మన దేశమున 2013 జూలై వరకు నడచిన తంతి వార్తకు మాటలను లెక్కించియే రుసుము కట్టుచుండిరి. ఓడలలోనైతే, 1912లో మునిగిన టైటానిక్ ఓడమీద ప్రయాణికుడు తంతిలేని వార్త పంపవలెనన్న మొదటి పది మాటలకు పండ్రెండు షిల్లింగుల ఆరు పెన్నీలు, ఆపై మాటకు తొమ్మిది పెన్నీలు. ఆ పనివారు ఓడ యజమానుల నౌకరులు కారు, మార్కోనీ కంపెనీ నౌకరులు. ఏప్రిల్ 14వ తేదీ రాత్రి ప్రక్కనున్న కాలిఫోర్నియన్ ఓడ, "మేము మంచుగడ్డల నడుమ ఆగియున్నాము" అని తెలుపబోగా, టైటానిక్‌లోని పనివాడు నేలమీది కేంద్రమునకు ప్రయాణికుల వార్తలు పంపు తొందరలో నుండి, అడ్డురావలదని కసరెను. గంట గడువకమునుపే ఓడ మంచుకొండను తాకెను. పదిహేనువందలకు పైగ ప్రాణములు పోయెను. సొమ్ము కట్టినవారి ముచ్చటలును ఓడ క్షేమపు మాటలును ఒకే యంత్రముమీద, ఒకే మనుష్యుని చేతిమీద నడచుటలోని ముప్పు అప్పుడు లోకమునకు తెలిసెను. నేటి విమానములలో ప్రయాణికుల వైఫై వేరు, విమానచోదకులు నేలతో మాటలాడు సాధనములు వేరు. "మనము వాట్సాప్ చూచినయెడల పైలట్టునకు దారి తప్పునా?" అని యడుగు అవ్వలకు ఈ మాట చెప్పవచ్చును.

మన ప్రభుత్వము ఈ విషయమున చాలకాలము జాగ్రత్తగనే నడచెను. 2018 డిసెంబరులో విమానములకును ఓడలకును సంబంధించిన నియమములు ప్రకటింపబడెను. వాటిప్రకారము మన గగనతలమున విమానము మూడువేల మీటర్ల యెత్తునకు చేరిన పిమ్మటనే ఈ సేవ మొదలుపెట్టవలెను. 2024 నవంబరులో వాటిని సవరించి, విమానములో ఎలక్ట్రానిక్ పరికరములు వాడుటకు అనుమతి యిచ్చిన తరువాతనే వైఫై ఇంటర్నెట్టు నందింపవలెనని స్పష్టపరచిరి. మన దేశపు సంస్థలలో విస్తారా 2020 సెప్టెంబరులో అంతర్జాతీయ ప్రయాణములలో ముందుగ మొదలుపెట్టెను. ఆ సంస్థ 2024 నవంబరులో ఎయిర్ ఇండియాలో కలిసిపోయెను. 2025 జనవరి 1వ తేదీన ఎయిర్ ఇండియా కొన్ని విమానములలో దేశములోపలి ప్రయాణములకును వైఫై ప్రకటించెను. మొదటి కొంతకాలము రుసుము లేదనెను.

ఇప్పుడు పలక తీయవలెను. 2024లో ఎయిర్‌టెల్ సంస్థ విమానప్రయాణమునకు ప్రకటించిన మూడు వెలలు ఇవి: 250 మెగాబైట్లకు 195 రూపాయలు, 500 మెగాబైట్లకు 295, ఒక గిగాబైటునకు 595. గడువు ఇరువదినాలుగు గంటలు. మొదటిదానిలో మెగాబైటు 78 పైసలు; రెండవదానిలో 59 పైసలు; మూడవదానిలోను ఇంచుమించు అంతే. అనగా చిన్న పొట్లము కొనువాడే యెక్కువ దర కట్టుచున్నాడు. సంతలో సోలెడు నూనె కొనువానికిని డబ్బాతో కొనువానికిని గల భేదమే ఇది. అదే యేట నేలమీద ఒక గిగాబైటు అదనముగ వేయించుకొనుటకు ఇరువది రూపాయల ప్రాంతమున నుండెను. ఆకాశమున సుమారు ముప్పదిరెట్లు.

ముప్పదిరెట్లు అన్నంతనే "దోపిడి!" యని కేకవేయుటకు మాకును నాలుక దురద పెట్టినది. కాని విభాగించి చూడవలెను. తెలుగు లిపిలో ఒక్కొక్క సంకేతమునకు కంప్యూటరులో సాధారణముగ మూడు బైట్లు పట్టును. గుణింతపు గుర్తు వేరు సంకేతము గనుక 'కి' యను అక్షరమునకు ఆరు బైట్లు. నూరు అట్టి అక్షరముల సందేశము ఆరువందల బైట్లు. దానిని చుట్టి పంపు కాగితమువంటి అదనపు సమాచారమును కలిపి రెండు కిలోబైట్లనుకొన్నను, పైసాలో ఆరవవంతు విలువ చేయదు. కనుక ముఖ్యమైన మాట పంపుటకు ఈ సేవ అగ్గువయే. సినిమా చూచుటకు మిక్కిలి ప్రియము. చిక్కేమనగా, పైసాలో ఆరవవంతు సరకు కావలసినవాడును 195 రూపాయల పొట్లమే కొనవలెను. విస్తారావారు 2024లో సందేశములకు మాత్రమే పనికివచ్చు పొట్లమును పన్నుగాక 372 రూపాయల 74 పైసలకు, సినిమాలతో సహా సర్వమునకు పనికివచ్చునది 2,707 రూపాయల 4 పైసలకు అమ్మిరి. ఉద్దానములో జీడితోట కూలివాని రోజుకూలిని ప్రక్కన బెట్టి చూచుకొనుడు.

ఈ పొట్లముల విషయమున మాకు తెలిసిన యొక సంగతి చెప్పెదము. మా పాఠశాలలో చదివిన యువకుడొకడు గల్ఫు దేశమున వెల్డింగు పని చేయుచున్నాడు. వాని తల్లికి, ఆ ప్రాంతమున అనేకులకు వలెనే, మూత్రపిండముల వ్యాధి. ఆమెకు ఒంట్లో బాగుగ లేదని తెలిసి అతడు హైదరాబాదునకు పోవు విమాన మెక్కెను. విమానము బయలుదేరునప్పటికి తమ్ముని సందేశ మొకటి వచ్చియుండెను: విశాఖపట్టణమునకు తీసికొనిపొండని డాక్టరు చెప్పుచున్నారు, ఖర్చు చాల నగును, ఏమి చేయుదుము, అని. జవాబు వ్రాయులోపల ఫోను ఆపుమనిరి. పైకెగిరిన తరువాత అతడు సందేశముల పొట్లము కొనబోయెను. కార్డు సంఖ్య వ్రాసెను. అప్పుడు తెర "మీ ఫోనుకు వచ్చిన ఓ.టి.పి. వ్రాయుడు" అనెను. ఓ.టి.పి. వచ్చునది మొబైలు టవరు ద్వారా. టవరు పది కిలోమీటర్ల క్రింద నున్నది. ఇంటర్నెట్టు కొనుటకు ఓ.టి.పి. కావలెను, ఆ అంకెలు చేరుటకు టవరైనను ఇంటర్నెట్టైనను ఉండవలెను! పెండ్లి కుదిరినగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరినగాని పెండ్లి కుదరదు అన్న సామెత వంటి స్థితి. మూడుమారులు యత్నించెను. సంస్థ పేరు ఇచ్చట మాకనవసరము. ఈ చిక్కు ఒక్క సంస్థది కాదు.

ప్రక్కసీటులో విజయనగరమునకు చెందిన పెద్దావిడ యొకరు కూర్చుండియుండిరి. దుబాయిలోనున్న కుమార్తె టిక్కెట్టుతోబాటు ఆమెకు వైఫైకూడ ముందుగనే కొనియిచ్చెను. ఆమె అతని ముఖము చూచి, సంగతి అడిగి, తన ఫోను చేతికిచ్చి, "నాయనా, వ్రాసుకో" అనెను. అతడు తమ్ముని సంఖ్యకు వ్రాసినది నాలుగే మాటలు: "వెంటనే తీసుకెళ్లు, డబ్బు నాది." పావుగంటలో జవాబు వచ్చెను. విమానము దిగునప్పటికి అంబులెన్సు శ్రీకాకుళము దాటినది.

ఈ కథ వినిన పిమ్మట మేము విచారించి తెలిసికొన్నవి కొన్ని గలవు. ఓ.టి.పి. చిక్కు సంస్థలకును తెలియును. విస్తారావారు 2024 జూలైలో అంతర్జాతీయ ప్రయాణములలో ఇరువది నిమిషములు వైఫై ఊరక యిచ్చినప్పుడు, ఆ సమయమున ఈమెయిలు తెరచి ఓ.టి.పి. చూచుకొని కావలసిన పొట్లము కొనవచ్చునని చెప్పిరి. అయితే దీనికి రెండు పనులు నేలమీదనే చేసికొని యుండవలెను. బ్యాంకువద్ద ఈమెయిలు చిరునామా నమోదై యుండవలెను. ఆ ఈమెయిలు ఫోనులో ముందుగనే తెరువబడి యుండవలెను. మన పల్లెలనుండి పోవువారిలో ఎందరికి ఈ రెండును ఉన్నవి? పై తరగతుల విద్యార్థులు తమ యింట విదేశమునకు పోవువారుండిన, ఈ పని తామే కూర్చుండి చేసిపెట్టవచ్చును. ఫోను కంపెనీ పొట్లమైనచో విమాన మెక్కకమునుపే కొనుట మేలు. కాని ఆ విమానసంస్థ ఆ జాబితాలో నున్నదో లేదో చూచి కొనవలెను, లేనిచో సొమ్ము వ్యర్థము.

మరియొకటి. ఫోనును 'ఫ్లైట్ మోడ్' అను స్థితిలో పెట్టి, ఆపైన వైఫైని మాత్రము తెరువవలెను. కొన్ని విమానములలో లోపలనే చిన్న మొబైలు కేంద్రముండును. ఫ్లైట్ మోడ్ మరచి, విదేశీ రోమింగు తెరచియుంచినవాని ఫోను దానికి తనంతట తానే తగులుకొనును. పొట్లము లేకయే తగులుకొన్నచో నెల చివర బిల్లు గుండె ఝల్లుమనిపించును. మా బంధువొకరు అట్లు వేలరూపాయలు కట్టిరి. ఆయన నిద్రలోనుండగ ఫోను తన ఫోటోలను తానే ఎక్కడికో పంపుకొనుచుండెను. వాట్సాప్‌లో ఫోటోలు, వీడియోలు తమంతట దిగు ఏర్పాటును, యాప్‌లు తమంతట క్రొత్తవగు ఏర్పాటును ఎక్కకముందు ఆపివేయనిచో, కొన్న 250 మెగాబైట్లు మన మాట ఒక్కటియు పోకమునుపే హరించును.

ఊరక యిచ్చువారును ఇప్పుడు పెరుగుచున్నారు. అమెరికాలో జెట్‌బ్లూ 2013లోనే ఊరక యిచ్చుట మొదలుపెట్టెను. డెల్టా సంస్థ 2023లో తన సభ్యులకు ఇచ్చెను. ఖతార్ సంస్థ 2024 అక్టోబరులో స్టార్‌లింక్ ద్వారా కొన్ని విమానములలో మొదలిడెను. ఊరక యనిన ఖర్చు లేదనికాదు. అది టిక్కెట్టులోనో, ప్రకటనలలోనో, సభ్యత్వము పేరిట మనమిచ్చు పేరు చిరునామాలలోనో కలిసియుండును. మా తొమ్మిదవ తరగతి బాలుడు ఇది విని, "అయితే మాస్టారూ, సినిమా చూడని మా చిన్నాన్న సినిమా చూచువాని ఖర్చు కూడ టిక్కెట్టులో కట్టుచున్నాడన్నమాట" అనెను. అవును, ఆ మాట మాకు ముందు తోచలేదు. పొట్లముగ అమ్మినప్పుడు పేదవాడు హెచ్చు దర కట్టును. టిక్కెట్టులో కలిపినప్పుడు వాడనివాడును కట్టును. సందేశముల వరకు అందరికి ఊరక యిచ్చి, సినిమాలకు మాత్రము సొమ్ము తీసికొనుట న్యాయమని మా యభిప్రాయము. కొన్ని సంస్థలు ఇట్లే చేయుచున్నవి.

ఆ వెల్డింగు పనివాని తల్లి విశాఖనుండి తిరిగి వచ్చినది. ఇప్పటికిని వారమునకు మూడు మారులు పలాసకు డయాలిసిస్‌నకై పోవుచున్నది. మొన్న సెలవుపై వచ్చినప్పుడు అతడు మా యింటికి వచ్చెను. వెళ్లునప్పుడు తన ఫోను మా చేతికిచ్చి, బ్యాంకు ఈమెయిలు సరిగనే యమరినదో లేదో చూడుడనెను. చూచితిమి. అమరినది.